వంటింటి అలమర తలుపు వదులైతే

గోదావరిఖనిలో తెల్లవారకముందే పొయ్యిలు వెలుగుతాయి. గనిలో మొదటి షిఫ్టు పొద్దున ఏడు గంటలకు. ఆలోపే చాయ్ కాయాలి. టిఫిన్ డబ్బా సర్దాలి. వంటింట్లో ఆడవాళ్ళకు క్షణం తీరిక ఉండదు.

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. చిన్న క్వార్టర్. ఇంట్లో నలుగురు. ఇంటాయన, ఇల్లాలు, అత్తమ్మ, మూడేళ్ళ పాప. ఇంటాయన భూగర్భ గనిలో పని చేస్తాడు.

వంటింటి గోడలో ఒక అలమర ఉంది. దానికి చెక్క తలుపు ఉంది. లోపల ఉప్పు, పప్పు, చాయ్‌పత్తి. పై అరలో మామిడికాయ తొక్కు జాడీ.

ఆ తలుపు నెల రోజులుగా వదులుగా ఉంది. తెరిస్తే కిందికి వాలేది. మూస్తే అడుగు అంచు చౌకట్టుకు తగిలేది. ఇల్లాలు ఒక చేత్తో తలుపును పైకి ఎత్తేది. మరో చేత్తో మూసేది. రోజుకు ఎన్నిసార్లో! అది అలవాటైపోయింది.

ఒకరోజు ఆమె కూరగాయల కత్తి మొనతో స్క్రూ బిగించబోయింది. స్క్రూ తిరిగింది. తిరుగుతూనే ఉంది. బిగుసుకోలేదు.

"నీకెందుకు బిడ్డా ఆ పని? ఐతారం నా కొడుకు సూస్తడు తియ్" అన్నది అత్తమ్మ.

ఐతారం ఇంటాయన రెండు మేకులు కొట్టాడు. తలుపు నిలిచింది. నాలుగు రోజులే నిలిచింది.

ఐదో రోజు పొద్దున ఇల్లాలు చాయ్‌పత్తి కోసం తలుపు తెరిచింది. పై బందు ఊడింది. తలుపు ఒక్కసారిగా పడింది. తొక్కు జాడీని కూడా లాక్కుని పడింది. జాడీ ముక్కలైంది. పాప అప్పుడే అవతలికి జరిగింది. తలుపు మూల పడిన చోటు పాపకు జానెడు దూరం.

ఇల్లాలు పాపను ఎత్తుకుంది. ఆమె చేతులు వణికాయి. ఏడాది తొక్కు నేలపాలైంది. దాని మీద ఆమెకు ధ్యాసే లేదు.

చప్పుడు విని పక్కింటి అక్క వచ్చింది. ఆమె వడ్ల ఇంటి ఆడబిడ్డ. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చొని పనిముట్లు అందించింది. అందిస్తూ అందిస్తూ పని నేర్చుకుంది. ఆమె తలుపును తిప్పి చూసింది. రంధ్రాల్లో వేలు పెట్టి చూసింది.

"మేకు ఎవలు కొట్టిండ్రు?" అని అడిగింది.

"మా ఆయన."

"మేకు కొడితే తలుపు ఆగినట్టే ఉంటది. ఆగదు. ఇది పెద్ద పని కాదు చెల్లే. నువ్వే చెయ్యొచ్చు. నేను పక్కన కూసుంట. నువ్వు చెయ్" అన్నది.

బందు అంటే ఏమిటి?

తలుపునూ చౌకట్టునూ కలిపి పట్టే ఇనుప ముక్కను బందు అంటారు. కొందరు మడతబందు అంటారు. బందుకు రెండు రెక్కలు ఉంటాయి. ఒక రెక్కను తలుపుకు బిగిస్తారు. రెండో రెక్కను చౌకట్టుకు బిగిస్తారు. నడుమ సన్నని ఇనుప చీల ఉంటుంది. ఆ చీల చుట్టూ రెక్కలు తిరుగుతాయి. అందుకే తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

చిన్న అలమర తలుపుకు రెండు బందులు ఉంటాయి. ఒకటి పైన. ఒకటి కింద. తలుపు బరువంతా ఈ రెండే మోస్తాయి.

ఏ బందు ముందు ఊడుతుంది?

నిండు బిందెను నడుమున పెట్టుకుంటే చాలా దూరం మోస్తారు. అదే బిందెను చేయి చాచి పట్టుకుంటే? భుజం లాగేస్తుంది. నాలుగు అడుగులు కూడా వేయలేరు. బిందె బరువు పెరగలేదు. ఒంటికి దూరమైంది, అంతే.

తలుపు కూడా అంతే. తలుపు చాచిన చేయి లాంటిది. బందులు భుజం లాంటివి. తలుపు వెడల్పు పెరిగినకొద్దీ బందుల మీద లాగుడు పెరుగుతుంది.

ఈ లాగుడు రెండు బందులకూ ఒకే తీరుగా ఉండదు. పై బందును తలుపు బయటికి లాగుతుంది. కింది బందును చౌకట్టు వైపు నెడుతుంది. నెట్టిన స్క్రూ ఊడదు. లాగిన స్క్రూ ఊడుతుంది. అందుకే తలుపు వాలితే ముందు పై బందునే చూడాలి.

మరి, వదులు ఎందుకు మొదలవుతుంది? కారణాలు చాలా ఉన్నాయి.

తలుపు పిడికి సంచులు తగిలిస్తారు. పిల్లలు తలుపు పట్టుకొని ఊగుతారు. అప్పుడు బరువు పెరుగుతుంది.

వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. పొయ్యి ఆవిరి తగిలినా ఉబ్బుతుంది. ఎండాకాలంలో ఎండి కుంచించుకుపోతుంది. రామగుండం వైపు మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఏటేటా ఉబ్బి, ఎండి, చెక్కకు పట్టు తగ్గుతుంది.

ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుళ్ళు జరుగుతాయి. దగ్గరి ఇళ్ళలో గిన్నెలు అదురుతాయి. తలుపులూ అదురుతాయి. గట్టి స్క్రూ ఒక్క అదురుకు ఊడదు. కానీ వదులైన స్క్రూ రోజూ అదిరితే ఇంకా వదులవుతుంది.

పట్టు స్క్రూది కాదు, చెక్కది

"నేను ఎంత తిప్పినా స్క్రూ ఎందుకు బిగియలేదక్కా? స్క్రూ పాడైందా?" అని ఇల్లాలు అడిగింది.

"స్క్రూ మంచిగనే ఉన్నది. బొక్క పెద్దగైంది" అన్నది అక్క.

స్క్రూ ఒంటి మీద మర ఉంటుంది. మెట్లు మెట్లుగా చుట్టుకొని ఉంటుంది. స్క్రూను తిప్పితే ఆ మర చెక్కలోకి కోసుకుంటూ పోతుంది. మర మెట్ల నడుమ చెక్క నార ఇరుక్కుంటుంది. ఆ నారే స్క్రూను పట్టుకుంటుంది. నార తెగిపోతే రంధ్రం పెద్దదవుతుంది. అప్పుడు స్క్రూ ఊరికే తిరుగుతుంది. కొత్త స్క్రూ పెట్టినా అంతే.

మేకు సంగతి ఏమిటి? మేకుకు మర ఉండదు. ఒళ్ళు నున్నగా ఉంటుంది. సుత్తె దెబ్బకు చెక్కను చీల్చుకుంటూ పోతుంది. తలుపు లాగితే నున్నగా బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు రంధ్రాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. అందుకే ఆ తలుపు నాలుగు రోజులే నిలిచింది.

మరి దారి ఏమిటి? దారి ఆడవాళ్ళకు తెలిసిందే. వేలికి ఉంగరం వదులైతే ఏం చేస్తారు? ఉంగరానికి దారం చుడతారు. సందు నిండుతుంది. ఉంగరం ఆగుతుంది. పార కామ వదులైతే ఏం చేస్తారు? సందులో చెక్క చీలిక కొడతారు. కామ బిగుస్తుంది.

అలమర తలుపుకూ అదే ఉపాయం. పెద్దదైన రంధ్రాన్ని చెక్కతో నింపాలి. అప్పుడు స్క్రూకు కొత్త పట్టు దొరుకుతుంది.

కావలసిన సామాను

స్క్రూ డ్రైవర్ ఒకటి. చిన్న సుత్తె ఒకటి. అగ్గిపుల్లలు, లేదా సన్నగా చీల్చిన వెదురు పుల్లలు. చెక్కను అతికించే ఫెవికాల్ కొంచెం. పాత బ్లేడు, సన్న మేకు, పెన్సిలు, కొవ్వొత్తి ముక్క, పాత గుడ్డ. తలుపు కింద పెట్టడానికి పాత పేపర్లు.

స్క్రూలు తుప్పు పడితే కొత్తవి కొనాలి. ఇక్కడే చదువు అక్కరకు వస్తుంది.

స్క్రూల డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. 25 X 8 అని ఉంటుంది అనుకుందాం. మొదటి అంకె పొడవు. 25 మిల్లీమీటర్లు అంటే దాదాపు ఒక అంగుళం. రెండో అంకె లావు. ఈ అంకె పెరిగితే స్క్రూ లావు పెరుగుతుంది. 6 నంబరు కంటే 8 నంబరు లావు.

ఏ పొడవు కొనాలి? స్క్రూ పొడవు చెక్క మందం కంటే తక్కువ ఉండాలి. తలుపు చెక్క 19 మిల్లీమీటర్ల మందం ఉంటే 25 మిల్లీమీటర్ల స్క్రూ పనికిరాదు. అది అటువైపు పొడుచుకు వస్తుంది. చెయ్యి గీరుకుంటుంది. స్క్రూను చెక్క అంచు పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. స్క్రూ తల బందు రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. తల బయటికి ఉబ్బి ఉంటే తలుపు పూర్తిగా మూసుకోదు.

పాత స్క్రూ ఒకటి చేతిలో పట్టుకొని దుకాణానికి పోవాలి. ఇల్లాలు అట్లాగే పోయింది. దుకాణంలో కుర్రవాడు ఒక డబ్బా తీశాడు. ఆమె డబ్బా మీది అంకెలు చదివింది.

"ఇది 38 ఉన్నది తమ్మీ. నాకు 19 కావాలె" అన్నది.

కుర్రవాడు మారు మాట్లాడలేదు. సరైన డబ్బా తీసి ఇచ్చాడు.

ఆమె ఇంటికి వచ్చి స్క్రూ డ్రైవర్ పట్టుకుంది. అత్తమ్మ నవ్వింది. "ఆడిపిల్లకు ఈ పని ఎట్ల వస్తదే?" అన్నది.

"చేతికి వస్తదత్తమ్మా. చేతికి ఆడ మగ ఏమున్నది?" అన్నది పక్కింటి అక్క.

అది నిజమే. భూగర్భ గనిలో ఆడవాళ్ళు పని చేయరాదని 1952 గనుల చట్టంలో ఉండేది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆ కట్టుబాటును సడలించింది. సాంకేతిక పనులకు, పర్యవేక్షణ పనులకు, మేనేజర్ పనులకు ఆడవాళ్ళు పగటి పూట గనిలోకి దిగవచ్చని చెప్పింది. గని లోపలికే దారి తెరుచుకుంది. అలమర తలుపు ఎంత పని?

చేసే పద్ధతి

ఒకటి: ముందు పొయ్యి ఆర్పాలి. పిల్లలను బయటికి పంపాలి. అలమరలోని సామాను తీసి కింద పెట్టాలి. పగిలే వస్తువులు ముందు తీయాలి.

రెండు: తలుపు ఇంకా ఊడలేదా? అయితే దాని అడుగున పేపర్లు మడిచి పెట్టాలి. తలుపు బరువు పేపర్ల మీద ఆగుతుంది. బందు రెక్క చుట్టూ పెన్సిలుతో గీత గీయాలి. మళ్ళీ బిగించేటప్పుడు గుర్తు ఉంటుంది.

మూడు: స్క్రూలు తీయాలి. ఎడమ వైపు తిప్పితే స్క్రూ ఊడుతుంది. కుడి వైపు తిప్పితే బిగుస్తుంది. గడియారం ముల్లు తిరిగే వైపే బిగించే వైపు. కింది బందు స్క్రూలు ముందు తీయాలి. పై బందువి చివర తీయాలి. పై బందు ముందు తీస్తే తలుపు మీద పడుతుంది. ఒకరు తలుపును పట్టుకుంటే మంచిది. కత్తి మొనతో స్క్రూ తిప్పరాదు. కత్తి జారితే చెయ్యి కోసుకుంటుంది. స్క్రూ తల మీది గాటు కూడా అరిగిపోతుంది.

నాలుగు: రంధ్రాన్ని శుభ్రం చేయాలి. సన్న మేకుతో లోపలి పొట్టు గీకాలి. గుడ్డతో తుడవాలి. జిడ్డు ఉంటే ఫెవికాల్ అంటదు.

ఐదు: అగ్గిపుల్లల మందు తలలు విరిచి పారేయాలి. వాటిని పొయ్యి దగ్గర ఉంచరాదు. పిల్లల చేతికి ఇవ్వరాదు. ఉత్త పుల్లలను రంధ్రంలో పెట్టి చూడాలి. రెండు పడతాయా, మూడు పడతాయా? ఇక పట్టవు అనే వరకు పెట్టాలి. ఎన్ని పట్టాయో లెక్క పెట్టి బయటికి తీయాలి.

ఆరు: పుల్లలకు ఫెవికాల్ రాయాలి. మళ్ళీ రంధ్రంలో దూర్చాలి. సుత్తెతో మెల్లగా తట్టాలి. గట్టిగా కొడితే చెక్క చీలుతుంది. బయటికి వచ్చిన ఫెవికాల్‌ను తడి గుడ్డతో తుడవాలి.

ఏడు: ఒక రాత్రంతా ఆరనివ్వాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పచ్చి ఫెవికాల్‌లో స్క్రూ పెడితే పుల్లలు కదులుతాయి. పని మొత్తం చెడుతుంది.

ఎనిమిది: తెల్లారి పుల్లల కొసలను బ్లేడుతో చెక్కకు సమంగా కోయాలి. పుల్లల నడుమ సన్న మేకును కొంచెం దింపి తీయాలి. మేకు స్క్రూ కంటే సన్నగా ఉండాలి. ఆ చిన్న రంధ్రం స్క్రూకు దారి చూపుతుంది. లేకపోతే స్క్రూ పక్కకు పోతుంది.

తొమ్మిది: స్క్రూ మరకు కొవ్వొత్తి రుద్దాలి. అప్పుడు స్క్రూ సులువుగా దిగుతుంది. కొందరు సబ్బు రుద్దుతారు. సబ్బు తేమను పీలుస్తుంది. ఇనుము తుప్పు పడుతుంది. మైనమే మేలు.

పది: తలుపును నిలబెట్టాలి. అడుగున మళ్ళీ పేపర్లు పెట్టాలి. పెన్సిలు గీత చూసుకొని పై బందుకు ఒక స్క్రూ బిగించాలి. తర్వాత కింది బందుకు ఒకటి. పేపర్లు తీసి తలుపు తెరిచి, మూసి చూడాలి. ఎక్కడా తగలకపోతే మిగిలిన స్క్రూలు బిగించాలి.

పదకొండు: స్క్రూ గట్టిపడగానే ఆపాలి. ఇంకా బలం పెట్టి తిప్పితే కొత్త నార కూడా తెగుతుంది. మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇల్లాలు సాయంత్రం పుల్లలు నింపింది. తెల్లారి తలుపు బిగించింది. ఒక స్క్రూ వంకరగా దిగింది. తీసి మళ్ళీ పెట్టింది. చివరికి బందు చీల మీద ఒక చుక్క నూనె వేసింది. తలుపు తెరిచింది. కిర్రుమనలేదు. వదిలింది. వాలలేదు.

గనిలో బోల్టు, ఇంట్లో స్క్రూ

ఆ రోజు షిఫ్టు దిగి ఇంటాయన ఇంటికి వచ్చాడు. అలమర తలుపు చూశాడు. తెరిచాడు. మూశాడు.

"వడ్లాయన వచ్చిండా?" అని అడిగాడు.

"లేదు. నేనే చేసిన" అన్నది ఇల్లాలు.

"మేకు కొట్టినవా?"

"మేకు కాదు. బొక్కల పుల్లలు నింపిన. ఫెవికాల్ పెట్టిన. రాత్రి ఆరినంక స్క్రూ బిగించిన."

ఇంటాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వాడు.

"గనిల మేం చేసేది గిదే కదనే!" అన్నాడు.

భూగర్భ గనిలో కప్పు కూలకుండా రూఫ్ బోల్టులు వేస్తారు. ముందుగా కప్పు బండలో పొడవైన రంధ్రం వేస్తారు. అందులోకి నీళ్ళలో నానిన సిమెంటు క్యాప్సూళ్ళు తోస్తారు. తర్వాత ఇనుప కడ్డీని లోపలికి పంపుతారు. సిమెంటు గట్టిపడుతుంది. కడ్డీకీ బండకూ నడుమ సందు నిండుతుంది. అప్పుడే కడ్డీ కప్పును పట్టుకుంటుంది. సందు నిండకపోతే ఎంత మంచి కడ్డీ అయినా ఊడి వస్తుంది.

గనిలో సిమెంటు చేసే పనే ఇంట్లో అగ్గిపుల్ల చేసింది. నేర్పు ఒక్కటే.

గనిలో ఇంకొక అలవాటు ఉంది. పని మొదలుపెట్టే ముందు కప్పును తట్టి చూస్తారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల విడిపోయిన కప్పు డొల్లగా మోగుతుంది. డొల్ల శబ్దం వస్తే కింద నిలబడరు. "రేపు చూద్దాం" అనరు.

ఇంటాయన పాప వైపు చూశాడు. "తలుపు నెల రోజులు ఊగింది. నేను సూసిన. ఐతారం, ఐతారం అనుకున్న" అన్నాడు. ఆయన గొంతు తగ్గింది.

"ఇగ ఐతారం దాకా ఆగొద్దు. వదులు కనవడ్డ నాడే చేసుకుందాం" అన్నది ఇల్లాలు.

పుల్లలతో పోని జబ్బులు

రెండు రోజుల్లో ఈ మాట వాడలో పాకింది. నలుగురు ఆడవాళ్ళు వచ్చి తలుపు చూశారు. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్క బాధ. అన్నిటికీ పుల్లల మందు పని చేయదు.

చెక్కకు చెదలు పడితే: చెక్కను వేలితో తట్టి చూడాలి. డొల్లగా మోగితే లోపల చెదలు తిన్నట్టు. మట్టి గీతలు కనబడినా చెదలే. డొల్ల చెక్కలో పుల్లలు నిలవవు. ఆ చెక్కనే మార్చాలి.

చెక్క చీలితే: చీలికలో ఫెవికాల్ నింపాలి. తాడుతో గట్టిగా కట్టి రాత్రంతా ఉంచాలి. పెద్ద చీలిక అయితే బందును రెండు అంగుళాలు పైకో కిందికో జరిపి, గట్టి చోట బిగించాలి.

పొట్టు అద్దిన చెక్క అయితే: ఇది రంపపు పొట్టును జిగురుతో అద్ది చేసిన చెక్క. నీళ్ళు తగిలితే ఉబ్బి పిండిలా రాలుతుంది. దీనిలో పుల్లల పట్టు ఎక్కువ రోజులు ఉండదు. వెనుక గట్టి చెక్క ముక్క అతికించి, దానికి బందు బిగించడం మేలు.

కొత్త రకం గిన్నె బందు అయితే: ఈ బందు బయటికి కనబడదు. తలుపు లోపలి వైపు చిన్న గిన్నె లాంటి గుంటలో కూర్చుంటుంది. దానికి చేయి లాంటి పట్టీ ఉంటుంది. పట్టీ మీద రెండు స్క్రూలు కనబడతాయి. తలుపుకు దగ్గరగా ఉన్న స్క్రూను తిప్పితే తలుపు కుడికో ఎడమకో జరుగుతుంది. వెనుక ఉన్న స్క్రూ పట్టీని బిగించి ఉంచుతుంది. చాలాసార్లు ఈ వెనుక స్క్రూ వదులవడం వల్లనే తలుపు ఊగుతుంది. ముందు దాన్ని బిగించి చూడాలి. ఒకసారికి పావు చుట్టు తిప్పాలి. తలుపు మూసి చూడాలి. ఆ తర్వాతే మళ్ళీ తిప్పాలి.

చౌకట్టే గోడ నుంచి కదిలితే: అది స్క్రూ పని కాదు. గోడ పని. మేస్త్రీని పిలవాలి. కంపెనీ క్వార్టర్ అయితే కంపెనీకి అర్జీ పెట్టాలి.

అర్జీ రాసుకుందాం

వచ్చిన నలుగురిలో ఒక పెద్దమ్మ ఇంట్లో చౌకట్టే కదిలింది. గోడ సిమెంటు రాలుతోంది. "నోటితోని చెప్పి చెప్పి అలిసిపోయిన బిడ్డా" అన్నది ఆమె. ఇల్లాలు కాగితం తెచ్చింది. పెద్దమ్మ చెప్పుకుంటూ తానే రాసింది. తప్పులు పోయిన చోట ఇల్లాలు దిద్దింది.

తేదీ: ..............

సివిల్ విభాగం అధికారి గారికి,
అయ్యా,
మా క్వార్టర్ నంబరు .............. మా వంటింటి అలమర చౌకట్టు గోడ నుంచి విడిపోయింది. సిమెంటు రాలుతోంది. తలుపు ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నారు. దయచేసి వచ్చి చూసి, బాగు చేయించగలరని మనవి.

ఇట్లు,
(సంతకం)

నోటి మాట గాలిలో పోతుంది. కాగితం ఉంటుంది. అర్జీకి నకలు ఒకటి రాసి ఇంట్లో పెట్టుకోవాలి. అర్జీ ఇచ్చిన తేదీని ఆ నకలు మీద రాసుకోవాలి. మళ్ళీ పోయి అడగడానికి అది ఆధారం.

పెద్దమ్మ అర్జీ కింద సంతకం చేసింది. ఇదివరకు ఆమె ఎక్కడైనా వేలిముద్రే వేసేది. ఇంకు అంటని తన బొటనవేలిని ఒకసారి చూసుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది.

నెలకొకసారి

ఆ ఇంట్లో ఇప్పుడు ఒక అలవాటు పడింది. నెల మొదట్లో జీతం వచ్చాక ఇల్లాలు సరుకులు తెస్తుంది. సరుకులు సర్దే ముందు ఖాళీ అలమర తలుపును తెరుస్తుంది. రెండు చేతులతో పట్టుకొని మెల్లగా పైకి ఎత్తి చూస్తుంది. కదిలిందా? కదిలితే స్క్రూ డ్రైవర్ తీస్తుంది. పావు చుట్టుతో పోయే పని అప్పుడే పోతుంది.

కొత్త తొక్కు జాడీని ఆమె కింది అరలో పెట్టింది. బరువైనవి కింద, తేలికవి పైన. పాప ఆ అలమర ముందే కూర్చొని గిన్నెలతో ఆడుకుంటుంది. అత్తమ్మ మనుమరాలిని చూస్తూ పప్పు ఏరుతుంది.

మొన్న అత్తమ్మ కోడలిని పిలిచింది. "బిడ్డా, నా సందుగ మూత ఊగుతున్నది. నీ పుల్లలు జర తెస్తవా?" అని అడిగింది.

గుర్తుంచుకోండి

తలుపు వాలితే ముందు పై బందు చూడాలి.
స్క్రూ ఊరికే తిరిగితే రంధ్రం పెద్దదైనట్టు.
వదులైన చోట మేకు కొట్టరాదు.
రంధ్రం నింపి, రాత్రంతా ఆరనిచ్చి, స్క్రూ బిగించాలి.
స్క్రూ పొడవు చెక్క మందం కంటే తక్కువ ఉండాలి.
తలుపు పిడికి బరువు తగిలించరాదు.
వదులు కనబడిన రోజే బాగు చేసుకోవాలి.

చెప్పండి చూద్దాం

1. ఉంగరానికి దారం ఎందుకు చుడతారు? అలమర రంధ్రంలో పుల్లలు ఎందుకు నింపుతారు?
2. డబ్బా మీద 19 X 6 అని ఉంది. ఇందులో పొడవు ఏది? లావు ఏది?
3. తలుపు తీసేటప్పుడు ఏ బందు స్క్రూలు ముందు తీయాలి? ఎందుకు?
4. మీ ఇంట్లో ఏ తలుపు వదులుగా ఉంది? ఈరోజే ఎత్తి చూడండి. ఏం కనిపించిందో నాలుగు వాక్యాలు రాయండి.